ఉబుంటు బూట్‌కి ఒకటిన్నర నిమిషం, ఆ తర్వాత మెషిన్ బిగుసుకుపోతోంది. స్వాప్ సమస్యేనా?

కృష్ణాతీరం
ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ. ఉబుంటు 22.04 (లినక్స్) ఇన్నాళ్లూ బాగానే నడిచింది. ఇన్‌స్టాల్ చేసినప్పుడే స్వాప్‌కి (ర్యామ్ చాలనప్పుడు డేటా దాచే డిస్క్ చోటు) విడిగా 8 జీబీ పార్టిషన్ ఇచ్చాను. ఈ మధ్య ఖాళీగా ఉన్న ఇంకో పార్టిషన్‌లో డెబియన్ అనే మరో లినక్స్ కూడా వేశాను. అది చక్కగా ఉంది. ఉబుంటుకే రెండు తిప్పలు మొదలయ్యాయి.

ఒకటి, ఆన్ చేయగానే నల్ల స్క్రీన్ మీద “ఎ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్ ఫర్” అని మొదలయ్యే లైను వచ్చి నిలబడిపోతుంది. పక్కన ఎర్ర చుక్కలు అటూ ఇటూ తిరుగుతుంటాయి. 1 నిమిషం 30 సెకన్లు పూర్తయితే గానీ లాగిన్ రాదు.

రెండు, ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే ఫోన్‌లా నడిచేది), బ్రౌజర్ మూడూ తెరిచానంటే కాసేపటికి మౌస్ కూడా కదలదు. డిస్క్ లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయడం తప్ప దారి లేదు.

ఎక్కడో చదివి స్వాపినెస్ (స్వాప్ వాడకం సర్దే సెట్టింగ్) 10 పెట్టాను. తేడా ఏమీ లేదు. ర్యామ్ బోర్డుకే అతికించి ఉంది, పెంచుకునే వీల్లేదు. ఫైనలియర్ ప్రాజెక్ట్ రివ్యూ దగ్గరపడింది, ఒకటే టెన్షన్.

ఫాస్ట్‌బూట్
8 జీబీ ఉన్నవాళ్లకి స్వాప్ దేనికి? ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (బూట్‌లో ఏ పార్టిషన్లు వాడాలో రాసి ఉండే ఫైల్) స్వాప్ లైను ముందు హ్యాష్ పెట్టి, అది పనిచేయకుండా చేసి రీస్టార్ట్ చెయ్యి. బూట్ ఆలస్యం పోతుంది, ఎస్ఎస్‌డీ కూడా నాలుగు రోజులు ఎక్కువ బతుకుతుంది.

సర్వర్‌సుబ్బు
ఆగు తమ్ముడూ, ఏదీ మార్చకు. ముందు ఇవి చూసి ఇక్కడ పెట్టు. మెమరీ లెక్క చూపే ఫ్రీ కమాండ్‌లో స్వాప్ వరస ఏమంటోంది? స్వాప్‌ని ఆన్ చేసే స్వాపాన్ కమాండ్‌కి షో ఆప్షన్ ఇచ్చి కొడితే ఏమైనా వస్తోందా? ఈటీసీలోని ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో స్వాప్ లైను, దాంతోపాటు సుడోతో (అడ్మిన్ హక్కుతో) బీఎల్‌కేఐడీ (పార్టిషన్ల గుర్తింపు నంబర్లు చూపే కమాండ్) కొట్టినప్పుడు స్వాప్ అని వచ్చే లైను. ఈ రెండింటిలో యూయూఐడీ, అంటే పార్టిషన్ గుర్తింపు నంబర్, ఒకటేనా కాదా అన్నదే నాకు కావలసింది.

గోదారిగట్టు
@ఫాస్ట్‌బూట్ అతని మెషిన్ ఇప్పటికే ఊపిరాడక కొట్టుకుంటోంది. ఉన్న ఆ కాస్త స్వాప్ కూడా పీకేయమంటావేంటి బ్రో?

ఫాస్ట్‌బూట్
నేను 16 జీబీ మీద స్వాప్ లేకుండానే నడుపుతున్నా. ఒక్కసారి కూడా హ్యాంగ్ కాలేదు.

గోదారిగట్టు
నీది 16, అతనిది 8. పైగా ఎమ్యులేటర్. ఎలా పోలుస్తావ్?

కృష్ణాతీరం
@సర్వర్‌సుబ్బు అన్నా, ఫ్రీ కమాండ్‌లో స్వాప్ వరస మొత్తం సున్నాలే. స్వాపాన్ అయితే ఏమీ చూపించకుండా ప్రాంప్ట్‌కి వచ్చేసింది. యూయూఐడీలు వేరేవేరుగా ఉన్నాయి. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఉన్నది 3ఎఫ్7తో మొదలవుతోంది, బీఎల్‌కేఐడీ చూపించేది బీ04తో మొదలవుతోంది. పార్టిషన్ మాత్రం అదే, నేను కదపలేదు. మరి నంబర్ ఎలా మారింది?

సర్వర్‌సుబ్బు
అనుకున్నదే. నువ్వు కదపలేదు, డెబియన్ ఇన్‌స్టాలర్ కదిపింది. డిస్క్‌లో స్వాప్ పార్టిషన్ కనిపిస్తే చాలు, దాన్ని తనదిగా తీసుకుని కొత్తగా ఫార్మాట్ చేసేస్తుంది. పార్టిషన్ల పేజీలో ఆ స్వాప్‌ని వాడొద్దని మనమే చెప్పాలి, అది ఎవరి కంటా పడదు. ఫార్మాట్ అంటే ఎంకేస్వాప్ నడవడమే. అది నడిచిన ప్రతిసారీ కొత్త యూయూఐడీ పుడుతుంది. ఉబుంటుకి ఈ సంగతి తెలియదు కాబట్టి పాత నంబర్ పట్టుకుని “ఈ డిస్క్ ఎప్పుడొస్తుందా” అని ఎదురుచూస్తోంది. బూట్‌లో అన్నిటినీ లేపే సిస్టమ్‌డీ ఒక డివైస్ కోసం మామూలుగా 90 సెకన్లు చూస్తుంది, రాకపోతే వదిలేసి ముందుకు పోతుంది. నీ 1 నిమిషం 30 సెకన్లు అదే.

అంటే డెబియన్ వేసినప్పటి నుంచీ నీ ఉబుంటు స్వాప్ అనేదే లేకుండా నడుస్తోంది. రెండు తిప్పలకీ వేరు ఒకటే.

చేయాల్సింది ఇది. ఎఫ్ఎస్‌ట్యాబ్ కాపీ ఒకటి పక్కన పెట్టుకో. స్వాప్ లైనులో పాత యూయూఐడీ తీసి బీ04ది పెట్టు. చేత్తో టైప్ చేయొద్దు, కాపీ పేస్ట్ చెయ్యి. తర్వాత మార్పు సిస్టమ్‌డీకి తెలిసేలా సిస్టమ్‌సీటీఎల్ డెమన్-రీలోడ్, ఆపైన స్వాపాన్‌కి ఆల్ ఆప్షన్. ఇప్పుడు ఫ్రీ కమాండ్‌లో 8 జీబీ చుట్టుపక్కల కనిపించాలి.

ఎంకేస్వాప్‌కి పాత నంబరే ఇచ్చి మళ్లీ ఫార్మాట్ చేసే పద్ధతి కూడా ఉంది. అలా చేస్తే ఈసారి డెబియన్ ఒకటిన్నర నిమిషం కూర్చుంటుంది. ఆ పని వద్దు.

పెంగ్విన్‌పాప
నాకూ సరిగ్గా ఇదే అయింది, కాకపోతే మూడు డిస్ట్రోలతో (లినక్స్ రకాలతో)! ఒకదాన్ని బాగుచేస్తే ఇంకోటి అలిగేది.

మధురవాడ_డెవ్
ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఆ లైనుకి నోఫెయిల్ ఆప్షన్ కూడా చేర్చుకోండి. రేపు మళ్లీ యూయూఐడీ మారినా బూట్ దాని కోసం ఆగదు.

సర్వర్‌సుబ్బు
@మధురవాడ_డెవ్ చేర్చుకోవచ్చు. కానీ అప్పుడు స్వాప్ పోయిన సంగతి కూడా తెలియదు. ఆ 90 సెకన్ల వల్లే కదా ఇతను ఇక్కడిదాకా వచ్చాడు. డెస్క్‌టాప్‌లో నేను పెట్టను. దూరంగా ఉండే సర్వర్‌లో అయితే తప్పకుండా పెడతాను.

కృష్ణాతీరం
స్వాప్ వచ్చింది! ఫ్రీలో 8.0 జీబీ అని చూపిస్తోంది. రీస్టార్ట్ చేస్తే ఒకటిన్నర నిమిషం లైను పోయింది. కానీ ఇప్పుడు ఇంకో లైను వస్తోంది, “గేవ్ అప్ వెయిటింగ్ ఫర్ సస్పెండ్/రెజ్యూమ్ డివైస్” అని. దాదాపు అర నిమిషం పోతోంది.

సర్వర్‌సుబ్బు
పాత నంబర్ ఇంకోచోట కూడా రాసి ఉంది. ఈటీసీలో ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్-టూల్స్ ఫోల్డర్, దాంట్లో కాన్ఫ్.డీ, అందులో రెజ్యూమ్ అనే చిన్న ఫైల్. హైబర్నేట్ చేసిన (ర్యామ్‌ని డిస్క్‌లో దాచి మెషిన్ ఆపేసిన) సెషన్ ఏ డిస్క్‌లో ఉందో చెప్పేది అదే. అక్కడ కూడా కొత్త యూయూఐడీ పెట్టు. హైబర్నేట్ వాడకపోతే రెజ్యూమ్ ఈక్వల్స్ నన్ అని రాసినా చాలు. ఆ తర్వాత అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌కి యూ ఆప్షన్ ఇచ్చి నడుపు. ఈ చివరిది మర్చిపోతే ఫైల్ మార్చినా ఫలితం ఉండదు, ఎందుకంటే బూట్‌లో మొదట చదివేది ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అనే ప్యాకెట్ లోపలి కాపీనే.

కృష్ణాతీరం
నన్ అని పెట్టాను. బూట్ ఇప్పుడు మునుపటిలాగే ఉంది అన్నా. చాలా థాంక్స్. ఒక్క సందేహం. స్వాప్ లేనప్పుడు డిస్క్ లైటు ఎందుకు అంతలా వెలిగింది? రాయడానికి చోటే లేదు కదా.

టెర్మినల్‌తాత
మంచి ప్రశ్న అడిగావు బాబూ. ఇక్కడ చాలామంది పొరబడతారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ర్యామ్‌లో ఉండే పేజీలు, అంటే మెమరీ ముక్కలు, ప్రధానంగా రెండు రకాలు. మొదటి రకానికి డిస్క్ మీద అసలు ప్రతి ఉంటుంది. నీ బ్రౌజర్ ప్రోగ్రాం కోడ్, లైబ్రరీలు, నువ్వు తెరిచిన ఫైళ్లు, ఇవన్నీ అంతే. ర్యామ్ ఇరుకైతే కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) వీటిని హాయిగా పారేస్తుంది, కావలసినప్పుడు డిస్క్ నుంచి మళ్లీ చదువుకుంటుంది. రెండో రకం, ప్రోగ్రాం నడుస్తూ తయారుచేసుకున్న డేటా. బ్రౌజర్ ట్యాబ్‌లోని పేజీ, జావా ప్రోగ్రాం వాడే మెమరీ (హీప్) లాంటివి. వీటికి డిస్క్ మీద ప్రతి ఉండదు. కాబట్టి పారేయడానికి లేదు. ఎక్కడైనా దాచాలి, దాచే చోటే స్వాప్.

స్వాప్ లేదనుకో, రెండో రకం పేజీలు ఎంత పాతబడినా ర్యామ్‌లోనే తిష్ఠ వేస్తాయి. పొద్దున తెరిచి వదిలేసిన ట్యాబ్ కూడా కదలదు. ఇక కెర్నెల్ చేతిలో మిగిలింది మొదటి రకం ఒక్కటే. అంటే నడుస్తున్న ప్రోగ్రాం కోడ్‌నే పారేస్తుంది, మరుక్షణం అదే కావాలి కాబట్టి మళ్లీ చదువుతుంది, మళ్లీ పారేస్తుంది. మౌస్ కదిపే కోడ్ కూడా ఈ వరసలోదే. నీ డిస్క్ లైటు వెలిగింది ఈ చదువుడుకే. రాతకి కాదు.

స్వాప్‌ని అటక అనుకో. పండక్కి తప్ప తీయని గంగాళాలు అటకెక్కిస్తే వంటింట్లో మసలడానికి చోటు దొరుకుతుంది. అటక లేని ఇంట్లో గంగాళం మధ్యలోనే ఉంటుంది, రోజూ వాడే గిన్నెలు బయటికీ లోపలికీ మోయాలి.

ఇక స్వాపినెస్ సంగతి. స్వాపే లేనప్పుడు ఆ నంబర్ 10 అయినా 60 అయినా తేడా రాదు. “ర్యామ్ ఇంత శాతం నిండాక స్వాప్ మొదలవుతుంది” అని చాలాచోట్ల రాసేస్తుంటారు, అది తప్పు. చోటు కావలసినప్పుడు పై రెండు రకాల్లో దేని మీద ఎక్కువ చెయ్యి వేయాలో చెప్పే తూకం అది. డిఫాల్ట్ 60. ఒకప్పుడు 0 నుంచి 100 దాకా ఉండేది, 5.8 కెర్నెల్ నుంచి 200 దాకా పెట్టుకోవచ్చు.

పెంగ్విన్‌పాప
తాతగారూ, ఇన్నేళ్లుగా శాతమనే అనుకుంటున్నా. ఈ పోస్ట్ సేవ్ చేసుకుంటున్నాను.

ఫాస్ట్‌బూట్
సరే, కోడ్ పేజీల విషయం నాకు తెలియదు, ఒప్పుకుంటాను. కానీ ఎస్ఎస్‌డీ అరుగుదల మాట నిజమే కదా?

టెర్మినల్‌తాత
నిజమే, కానీ ఎంత అనేది చూడాలి. వీఎంస్టాట్ కమాండ్‌లో ఎస్ఓ అనే కాలమ్ ఉంటుంది, సెకనుకి స్వాప్‌లోకి ఎంత రాస్తోందో అది చెబుతుంది. మామూలు వాడకంలో అది ఎక్కువసేపు సున్నాయే. ఒకసారి అటకెక్కిన సామాను అక్కడే ఉంటుంది, రోజూ ఎక్కించరు. ఎస్ఓ రోజంతా వేలల్లో పోతోందంటే ఎస్ఎస్‌డీ కన్నా ముందు నీ పని ఆగిపోతుంది. నిజంగా భయపడాల్సింది రాస్బెర్రీ పై లాంటివాటిలో ఎస్‌డీ కార్డు మీద స్వాప్ పెట్టినప్పుడు. అవి అంత రాత తట్టుకోలేవు.

శంషాబాద్_షెల్
ఆఫీసులో నాది దీనికి తిరగబడిన కేసు. డేటాబేస్ సర్వర్, 128 జీబీ ర్యామ్. స్వాప్ మాత్రం 100 శాతం నిండింది, ర్యామ్‌లో ఇంకా 20 జీబీ పైగా ఖాళీ. మానిటరింగ్ నుంచి రోజూ రాత్రి అలర్ట్, పొద్దున్నే మేనేజర్ ఫోన్. స్వాపాఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తే కొన్ని రోజులు బాగుంటుంది, మళ్లీ నిండుతుంది.

సర్వర్‌సుబ్బు
@శంషాబాద్_షెల్ రెండు సాకెట్ల (రెండు ప్రాసెసర్ల) మెషినా?

శంషాబాద్_షెల్
అవును. నీకెట్ల తెలుసు భాయ్?

సర్వర్‌సుబ్బు
ర్యామ్ ఖాళీగా ఉండగా స్వాప్ నిండితే ముందు అదే అడుగుతాను. రెండు సాకెట్లుంటే ర్యామ్ కూడా రెండు నోడ్‌లుగా ఉంటుంది, చెరో సగం. డేటాబేస్ పెద్ద బఫర్ ఒక నోడ్‌లోనే పరుచుకుంటే ఆ నోడ్ నిండిపోతుంది, పక్క నోడ్ ఖాళీగా ఉన్నా ఇక్కడి పేజీలు స్వాప్‌కి పోవచ్చు. న్యూమాసీటీఎల్‌కి హార్డ్‌వేర్ ఆప్షన్ ఇచ్చి చూడు, ఏ నోడ్‌లో ఎంత ఖాళీ ఉందో వస్తుంది. మైఎస్‌క్యూఎల్ అయితే ఇన్నోడీబీ న్యూమా ఇంటర్‌లీవ్ అనే సెట్టింగ్ ఉంది. ఆన్ చేస్తే బఫర్ పూల్ రెండు నోడ్‌లకీ సమంగా పంచుకుంటుంది.

ఇంకోటి, ఆ స్వాపాఫ్ పని పట్టపగలు చేయకు. స్వాప్‌లో ఉన్నదంతా ర్యామ్‌లోకి తేవాలి, చోటు చాలకపోతే ఫెయిలవుతుంది, లేదా మెమరీ కోసం ఏదో ఒక ప్రాసెస్ బలవుతుంది. ముందు ఫ్రీ కమాండ్‌లో అవైలబుల్ కాలమ్ చూసుకో. స్వాప్‌లో వాడిన దానికన్నా అది బాగా ఎక్కువ ఉంటేనే చెయ్యి.

టెర్మినల్‌తాత
పైన సుబ్బు చెప్పినదానికి తోడు ఒక మాట. నిండిన స్వాప్ చూసి అలర్ట్ పెట్టడమే సరికాదు. ఎంత నిండిందన్నది కాదు, ఎంత అటూ ఇటూ తిరుగుతోందన్నది చూడాలి. వీఎంస్టాట్‌లో ఎస్ఐ (స్వాప్ నుంచి వెనక్కి చదివేది), ఎస్ఓ రెండూ సున్నాల్లో ఉంటే ఆ 100 శాతం ఎవరికీ హాని చేయడం లేదు. 4.20 కెర్నెల్ నుంచి ప్రాక్‌లో ప్రెషర్ అనే ఫోల్డర్ ఉంది, అందులో మెమరీ ఫైల్ చూడండి. మెమరీ కోసం ప్రాసెస్‌లు ఎంతసేపు ఆగిపోయాయో గత 10, 60, 300 సెకన్ల సగటు చూపిస్తుంది. ఫుల్ అనే వరస పైకి పోతోందంటే అప్పుడు లేవండి నిద్రలోంచి.

శంషాబాద్_షెల్
ఈ ఒక్క లైను మా మేనేజర్‌కి పంపిస్తున్నా తాతా. నిద్ర విలువ తెలిసినవాళ్లు రాసిన పోస్ట్ ఇది.

(తర్వాత చూసి చెబుతున్నా: నోడ్ 0లో దాదాపు ఏమీ లేదు, ఖాళీ అంతా నోడ్ 1లోనే ఉంది. సుబ్బు చెప్పింది అక్షరాలా నిజం. ఇంటర్‌లీవ్ ఆన్ చేయడానికి మార్పు అనుమతి పెట్టాను.)

రాజమండ్రి_రూట్
నాది వేరే బాధ. అద్దెకి తీసుకున్న చిన్న క్లౌడ్ మెషిన్, 1 జీబీ ర్యామ్. ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీ టూల్) బిల్డ్ సగంలో “కిల్డ్” అని ఒక్క ముక్క రాసి చచ్చిపోతోంది. స్వాప్ ఫైల్ చేద్దామని ట్రంకేట్‌తో 2 జీబీ ఫైల్ చేసి, ఎంకేస్వాప్ కొడితే ఓకే అంది. స్వాపాన్ కొడితే “ఇన్వాలిడ్ ఆర్గ్యుమెంట్”. దాని ముందు “ఇన్‌సెక్యూర్ పర్మిషన్స్ 0644” అని కూడా ఏదో అంది.

మధురవాడ_డెవ్
కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్ చివరి లైన్లు చూడండి. “స్వాప్‌ఫైల్ హ్యాజ్ హోల్స్” అని ఉంటుంది, పందెం.

రాజమండ్రి_రూట్
ఉంది సార్! అచ్చం అదే ఉంది. ఫైల్‌కి రంధ్రాలేంటి?

మధురవాడ_డెవ్
ట్రంకేట్ చేసిన ఫైల్ సైజు 2 జీబీ అని చూపిస్తుంది గానీ డిస్క్ మీద దానికి బ్లాకులు ఇవ్వలేదు. డిస్క్ మీద నిజంగా వాడిన చోటు చూపే డీయూ కొట్టి చూడండి, దాదాపు సున్నాయే వస్తుంది. స్వాప్ వేసేటప్పుడు కెర్నెల్ ఫైల్ సిస్టమ్‌ని దాటి నేరుగా ఆ బ్లాకుల్లోనే రాస్తుంది, కాబట్టి ప్రతి బ్లాకూ ముందే ఉండాలి. ఫైల్ తీసేసి డీడీ కమాండ్‌తో దేవ్ జీరో నుంచి 2 జీబీ సున్నాలు నిజంగా రాయించండి. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ మీద ఎఫ్‌ఆలోకేట్ కూడా పనిచేస్తుంది, డీడీ అయితే ఎక్కడైనా దాదాపు నమ్మొచ్చు. తర్వాత సీహెచ్‌మాడ్ 600. ఎందుకంటే స్వాప్‌లో అందరి మెమరీ ఉంటుంది, పాస్‌వర్డ్‌లతో సహా. వేరే యూజర్లు చదవగలిగితే అంతే సంగతులు. ఆపైన ఎంకేస్వాప్, స్వాపాన్, చివర్లో ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో లైను. ఆ లైను మర్చిపోతే రీబూట్ తర్వాత మళ్లీ మొదటికే.

పెంగ్విన్‌పాప
@రాజమండ్రి_రూట్ మీ డిస్క్ బీటీఆర్ఎఫ్ఎస్ (ఇంకో ఫైల్ సిస్టమ్) అయితే డీడీ చేసినా అదే ఇన్వాలిడ్ ఆర్గ్యుమెంట్ వస్తుంది. నా ఫెడోరాలో జుట్టు పీక్కున్నాను. బీటీఆర్ఎఫ్ఎస్ 5.0 కెర్నెల్ నుంచి స్వాప్ ఫైల్ ఒప్పుకుంటుంది, కానీ ఆ ఫైల్‌కి కాపీ-ఆన్-రైట్ (మార్పుని కొత్త చోట రాయడం) ఉండకూడదు, కంప్రెషన్ ఉండకూడదు. ముందు ఖాళీ ఫైల్ చేసి సీహెచ్‌అట్టర్ ప్లస్ పెద్ద సీ పెట్టి, ఆ తర్వాతే నింపాలి. నింపాక పెడితే పనిచేయదు. స్వాప్ ఆన్‌లో ఉండగా ఆ సబ్‌వాల్యూమ్‌కి (డిస్క్‌లోని విడి భాగం) స్నాప్‌షాట్ కూడా తీయలేరు, అందుకే స్వాప్‌కి విడి సబ్‌వాల్యూమ్ చేసుకోండి. బీటీఆర్ఎఫ్ఎస్-ప్రోగ్స్ 6.1 నుంచి ఎంకేస్వాప్‌ఫైల్ అని ఒకే కమాండ్ వచ్చింది, ఈ గొడవంతా అదే చూసుకుంటుంది.

రాజమండ్రి_రూట్
నాది ఈఎక్స్‌టీ4నే అక్కా. డీడీతో పని అయింది, బిల్డ్ చివరిదాకా వెళ్లింది. నెమ్మదిగానే గానీ చావకుండా వెళ్లింది.

గుంటూరు_గ్రెప్
నా దాంట్లో స్వాపాన్ కొడితే “ఆపరేషన్ నాట్ పర్మిటెడ్”. రూట్‌గానే ఉన్నాను.

సర్వర్‌సుబ్బు
సిస్టమ్‌డీ-డిటెక్ట్-విర్ట్ కొట్టి చూడు. ఓపెన్‌వీజెడ్ అనో ఎల్ఎక్స్‌సీ అనో వస్తే అది పూర్తి మెషిన్ కాదు, కంటైనర్. కెర్నెల్ అద్దెకిచ్చినవాళ్లది. లోపలి రూట్‌కి స్వాప్ వేసే అధికారం ఉండదు. సొంత కెర్నెల్ ఉండే కేవీఎం మెషిన్‌కి మారడమే.

కృష్ణాతీరం
నా థ్రెడ్ ఇంత పెద్దదవుతుందనుకోలేదు, అన్నీ చదువుతున్నాను. స్వాప్ వచ్చాక ఇప్పుడు మెషిన్ పూర్తిగా బిగుసుకోవడం లేదు. కానీ ఎమ్యులేటర్ తెరిచి గ్రేడిల్ బిల్డ్ (యాప్ తయారీ) కొడితే పావుగంట నత్తనడక. తాతగారు చెప్పిన వీఎంస్టాట్ 1 పెట్టి చూశాను. ఆ సమయంలో ఎస్ఐ, ఎస్ఓ రెండూ ఇరవై వేలు, నలభై వేలు అలా దూకుతున్నాయి. కుడి చివర డబ్ల్యూఏ కాలమ్ 60 పైన ఉంటోంది.

టెర్మినల్‌తాత
డబ్ల్యూఏ 60 అంటే సీపీయూ అంతసేపు పనిలేక డిస్క్ కోసం కూర్చుంటోందని. ఎస్ఐ, ఎస్ఓ రెండూ ఒకేసారి అంత ఎత్తున ఉన్నాయంటే బయటికి పంపిందే మళ్లీ కావలసి వస్తోంది. అంటే ఒకేసారి నిజంగా వాడుతున్న మెమరీయే నీ 8 జీబీ దాటిపోయింది. దీనికి ఎంత స్వాప్ ఇచ్చినా వేగం రాదు. వాడకం తగ్గించాలి, లేదా ఉన్న ర్యామ్‌లోనే కుదించి పెట్టుకోవాలి.

ఎవరు తింటున్నారో చూడు. టాప్‌లో ఎఫ్ నొక్కితే కాలమ్‌ల జాబితా వస్తుంది, అందులో స్వాప్ ఎంచుకో. లేదంటే ప్రాక్‌లో ఆ ప్రాసెస్ నంబర్ ఫోల్డర్‌లో స్టేటస్ ఫైల్ తెరిచి వీఎంస్వాప్ లైను చూడు.

మధురవాడ_డెవ్
ఆండ్రాయిడ్ పనే నాది, 8 జీబీతో రెండేళ్లు నెట్టుకొచ్చాను. ఎమ్యులేటర్ వదిలెయ్యండి. పాత ఫోన్ ఒకటి యూఎస్‌బీతో కలిపి దాని మీదే రన్ చేయండి, ఎంత లేదన్నా 2 జీబీ మిగులుతుంది. గ్రేడిల్ ప్రాపర్టీస్ ఫైల్‌లో ఎక్స్‌ఎంఎక్స్ (మెమరీ హద్దు, ఎంబీల్లో) 2048 అని ఉంటుంది, చిన్న ప్రాజెక్టుకి 1536 చాలు. బిల్డ్ అయ్యాక గ్రేడిల్ డెమన్ వెనకాల అలాగే కూర్చుంటుంది, గ్రేడిల్‌కి స్టాప్ ఆప్షన్ ఇస్తే వెళ్తుంది.

గోదారిగట్టు
జెడ్‌ర్యామ్ వేసుకో. ర్యామ్‌లోనే కొంత భాగం కంప్రెస్ చేసిన స్వాప్‌గా మారుతుంది. డిస్క్ కన్నా ఎన్నో రెట్లు వేగం. ఫెడోరా 33 నుంచి డిఫాల్ట్‌గా అదే ఇస్తున్నారు. ఉబుంటులో జెడ్‌ర్యామ్-కాన్ఫిగ్ ప్యాకేజీ వేస్తే సరి.

టెర్మినల్‌తాత
@గోదారిగట్టు మంచి సలహాయే, కానీ ఇతనికి డిస్క్ స్వాప్ కూడా ఉంది. రెండూ ఉంటే జెడ్‌ర్యామ్‌కి ప్రాధాన్యం ఎక్కువ కాబట్టి ముందు అదే నిండుతుంది. మొదట బయటికి పోయేవి ఎవరూ ముట్టని పాత పేజీలు. అవి వేగమైన జెడ్‌ర్యామ్‌లో పాతుకుపోతాయి. అది నిండాక తర్వాత వచ్చే వేడి పేజీలు (తరచూ వాడేవి) డిస్క్ పాలవుతాయి. కావలసిందానికి సరిగ్గా తలకిందులు.

డిస్క్ స్వాప్ ఉన్నవాళ్లకి జెడ్‌స్వాప్ సరైనది. అది స్వాప్‌కి ముందు నిలబడే కంప్రెస్డ్ గది. గది నిండితే పాతవాటిని తనే డిస్క్‌కి పంపి కొత్తవాటిని దగ్గర ఉంచుకుంటుంది. 3.11 నుంచి కెర్నెల్‌లోనే ఉంది. ఉబుంటులో ఆన్ చేసి ఉండదు. గ్రబ్‌లో (బూట్ మెనూ) కెర్నెల్ లైనుకి జెడ్‌స్వాప్ డాట్ ఎనేబుల్డ్ ఈక్వల్స్ 1 చేర్చి, అప్‌డేట్-గ్రబ్ కొట్టాలి. మామూలుగా ర్యామ్‌లో 20 శాతం దాకా వాడుకుంటుంది.

గోదారిగట్టు
తాతగారూ, నేను రెండూ కలిపి వాడుతున్నా, బాగానే ఉంది మరి.

టెర్మినల్‌తాత
నీ జెడ్‌ర్యామ్ నిండనంతవరకూ బాగానే ఉంటుంది నాయనా. నిండిన రోజున వీఎంస్టాట్ చూసి చెప్పు, ఇద్దరం కలిసి చూద్దాం.

ఫాస్ట్‌బూట్
ఒకవేళ మళ్లీ పూర్తిగా బిగుసుకుంటే? పవర్ బటనేనా?

సర్వర్‌సుబ్బు
ఆల్ట్, సిస్‌ఆర్‌క్యూ పట్టుకుని ఎఫ్ నొక్కితే ఎక్కువ మెమరీ తింటున్న ప్రాసెస్‌ని కెర్నెల్ చంపేస్తుంది. ఉబుంటులో ఇది మూసి ఉంటుంది, సిస్‌సీటీఎల్‌లో కెర్నెల్ డాట్ సిస్‌ఆర్‌క్యూ 1 పెట్టుకుంటేనే. అంతదాకా రాకుండా ఎర్లీఊమ్ వేసుకోవచ్చు. ఖాళీ ర్యామ్, ఖాళీ స్వాప్ రెండూ 10 శాతం కిందికి పడితే పెద్ద ప్రాసెస్‌ని మర్యాదగా ఆపమంటుంది, 5 శాతానికి వస్తే అడగదు, చంపేస్తుంది. 22.04 డెస్క్‌టాప్‌లో ఇలాంటిదే సిస్టమ్‌డీ-ఊమ్‌డీ ముందే ఉంది. స్వాప్ ఉంటేనే అది సరిగ్గా పనిచేస్తుందని దాని మాన్యువల్ పేజీలోనే రాశారు. స్వాప్ లేకపోతే మెషిన్ అది తేరుకునేలోపే బిగుసుకుంటుంది. కృష్ణాతీరం మెషిన్‌లో అది ఇన్నాళ్లూ ఎందుకు కాపాడలేకపోయిందో దీంతో అర్థమవుతుంది.

కృష్ణాతీరం
జెడ్‌స్వాప్ ఆన్ చేశాను, స్వాపినెస్ మళ్లీ 60కి తెచ్చాను, నాన్నగారి పాత ఫోన్ మీద రన్ చేస్తున్నాను. బిల్డ్ జరుగుతుండగా బ్రౌజర్‌లో పాట కూడా ఆగలేదు! ఎస్ఓ అప్పుడప్పుడు వందల్లో కనిపించి సున్నాకి వచ్చేస్తోంది.

చివరిగా ఒకటి. ఉబుంటు, డెబియన్ రెండూ ఈ ఒకే స్వాప్ పార్టిషన్ వాడుకోవచ్చా? ఒకసారికి ఒకటే కదా నడిచేది. స్వాప్ 8 జీబీ ఉంది కాబట్టి రివ్యూ అయ్యాక హైబర్నేట్ కూడా పెట్టుకుందామనుకుంటున్నా.

సర్వర్‌సుబ్బు
షట్‌డౌన్ చేసి మారుతున్నంతవరకూ పంచుకోవచ్చు, ఏ ఇబ్బందీ లేదు. హైబర్నేట్ కలిపితే మాత్రం చాలా ప్రమాదం. ఉబుంటుని హైబర్నేట్ చేశావనుకో, తెరిచిన ఫైళ్లతో సహా ర్యామ్ మొత్తం ఆ స్వాప్‌లో ఉంటుంది. ఆ తర్వాత పొరపాటున డెబియన్ బూట్ చేస్తే, స్వాపాన్ అక్కడున్న హైబర్నేట్ గుర్తు చూసి చెరిపేసి మామూలు స్వాప్‌గా వాడేసుకుంటుంది. నీ సెషన్ పోయినట్టే. పైగా డెబియన్‌లోంచి ఉబుంటు పార్టిషన్ మౌంట్ చేసి ఏదైనా రాశావంటే, ఒకవేళ ఇమేజ్ మిగిలి ఉండి ఉబుంటు లేచినా దాని తలలో ఉన్న ఫైల్ సిస్టమ్ వేరు, డిస్క్ మీద ఉన్నది వేరు. ఫైళ్లు చెడిపోతాయి.

టెర్మినల్‌తాత
హైబర్నేట్ చేశావా లేదా అని అనుమానం వస్తే వేరే సిస్టమ్‌లోకి పోకముందే, పెన్‌డ్రైవ్‌తో లైవ్ బూట్ చేసి బీఎల్‌కేఐడీ కొట్టు. ఆ పార్టిషన్ టైప్ స్వాప్ అని ఉంటే ఏమీ లేదు. ఎస్‌డబ్ల్యూసస్పెండ్ అని ఉంటే లోపల సెషన్ నిద్రపోతోందని అర్థం. ముట్టుకోకు. లైవ్ ఇమేజ్‌లలో కొన్ని కనిపించిన స్వాప్‌ని తామే ఆన్ చేసుకుంటాయి, అది కూడా చూసుకో. ఇంకోటి, సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న కెర్నెల్‌నే ఒప్పుకునే రక్షణ) ఆన్‌లో ఉంటే ఉబుంటు కెర్నెల్ హైబర్నేట్‌ని అసలు ఒప్పుకోదు.

కృష్ణాతీరం
సెక్యూర్ బూట్ ఆన్‌లోనే ఉంది. ఇక హైబర్నేట్ ఆలోచన మానేస్తున్నా. సస్పెండ్ చాలు. డెబియన్‌కి దాని పార్టిషన్‌లోనే 4 జీబీ స్వాప్ ఫైల్ చేసి, ఈ పార్టిషన్ ఉబుంటుకే వదిలేస్తాను. డెబియన్ ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో పాత లైను తీసేయాలి కదా?

సర్వర్‌సుబ్బు
తీసేయాలి. దాని రెజ్యూమ్ ఫైల్‌లో కూడా నన్ పెట్టి, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అప్‌డేట్ అక్కడ కూడా నడుపు. డెబియన్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సి వస్తే పార్టిషన్ల పేజీలో ఆ స్వాప్ మీదికి వెళ్లి “వాడొద్దు” అని పెట్టు.